బొట్టు పెట్టిన లైసెన్సు

మా అక్క మొగుడికి వైర్‌మన్ లైసెన్సు ఉండేది. భాలుబాసాలో వాళ్ళింటి గోడకి, దేవుడి పటాల వరసలో, అద్దం కట్టించి మరీ తగిలించాడు. ఏటా విశ్వకర్మ పూజకి దండ వేసి, ఆ అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టేవాడు. ఎవరైనా పని చెబితే మాత్రం "ఈవేళ పనిముట్టు ముట్టకూడదు" అనేవాడు. పూజనాడు ఒక్కరోజు పాటించే ఆ నియమాన్ని ఏడాది పొడుగునా పాటించిన భక్తుణ్ణి నేను ఆయన్ని తప్ప చూడలేదు.

నా మెట్రిక్ అయ్యాక ఓ మధ్యాహ్నం నన్ను ఫ్యాను కింద కూచోబెట్టి హితబోధ మొదలెట్టాడు.

"ఆదిత్యపూర్ కరెంటు పని బడికి ఎల్తే రెండేళ్ళు ఆకురాయి పట్టిత్తార్రా. చేతులు కాయలు కాసిపోతాయి. కాసిడీహ్‌లో మా మాస్టారైతే ఆర్నెల్లలో లైసెన్సు కాగితం ఇప్పిత్తాడు. మనకి కావాల్సింది కాగితం గానీ కరెంటా ఏటి?"

అప్పుడే ఫ్యాను ఆగింది. ఫ్యూజు పోయింది. నేను ఆయన మొహంలోకి చూశాను.

"ఈవేళ ముట్టకూడదురా, మంగళవారం," అన్నాడు.

అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మెయిను ఆపి, ఫ్యూజు పీకి, కొత్త తీగ చుట్టి పెట్టింది. ఫ్యాను తిరిగింది.

"ఆదిత్యపూరే ఎల్లరా తమ్ముడూ," అంది.

వెళ్ళాను. నా లైసెన్సు చేతికొచ్చిన రోజు చూపిద్దామని వాళ్ళింటికి పోతే, గోడ మీద ఆయనది అలాగే ఉంది. ఏటేటా పెట్టిన బొట్ల కింద పేరు పూర్తిగా కనబడకుండా పోయింది. అక్కడ మా అక్క పేరు రాసి వచ్చినా తప్పయ్యేది కాదు.