పచ్చగా వెలిగిన లాట్

సేత్తూరు రోడ్డులో ఒక లారీకి అడ్డంగా వైష్ణవి పండుకునిందంట. చక్రానికీ ఆమె ముక్కుకీ నడుమ వేలు దూరే సందు కూడా లేదంట. కళ్లారా చూసినవాడు మాత్రం రాజపాళయం మొత్తానికి ఒక్కడూ దొరకలేదు.

వైష్ణవి, విజయరాఘవ గారి బ్యాండేజీ మిల్లులో కంప్యూటర్ పిల్ల. జావాలో ప్రోగ్రాం రాసేది ఆమె ఒక్కతే. అక్కడ పెత్తనం చేసేవాళ్లంతా మామలూ అత్తలే. "అమ్మాడీ, సరుకు లెక్క చూసేదానికి నాకూ ఒక స్క్రీన్ చేసియ్యి" అని మామ అడిగితే, లేదనేదానికి నోరు వస్తుందా? పాత స్క్రీన్‌ని అట్లే కాపీ కొట్టి, పేరు మార్చి ఇచ్చేసేది. డేటాబేస్‌ని ఏ సరుకు పోవచ్చు అని అడిగే ప్రశ్న కూడా దాంతోనే కాపీ అయిపోయేది. ఊర్లో చుట్టాలు ఎంతమందో, మిల్లులో స్క్రీన్‌లు అన్ని!

ఒకనాడు ఆవిరి మెషిన్ మొరాయించింది. ఒక లాట్ బ్యాండేజీకి, అంటే ఆ తూరి మెషిన్‌లో పెట్టిన పెట్టెలన్నిటికీ, ఆవిరి సరిగా పట్టలేదు, క్రిములు చావలేదు. "అది గేటు దాటకూడదు" అన్నారు విజయరాఘవ. వైష్ణవి డేటాబేస్‌లో ఆ లాట్‌కి హోల్డ్ అని గుర్తు పెట్టింది. ఆ గుర్తు చూసి ఆపమని ఒక్కో స్క్రీన్‌లో ప్రశ్నని మార్చుకుంటా పోయింది. అన్నీ అయిపోయినాయనే అనుకునింది.

సాంబార్ సాదం తింటా, గేట్ పాస్‌లు ఇచ్చే మీరా అత్త టేబుల్ పక్క చూసింది. స్క్రీన్‌లో ఆ లాట్ పచ్చగా వెలుగుతా ఉంది, పోవచ్చు అని. ముద్ద పళ్లెంలోనే వదిలేసి లేచింది.

"అత్తా, ఈ లాట్..."

"ఇప్పుడేనే లారీ ఎక్కించినాను, తెన్కాశి పక్క ఆస్పత్రికి. నీ కంప్యూటరే సరి అనింది గదా!"

వైష్ణవి కళ్ల ముందర ఒకటే బొమ్మ. ఎవరిదో కోసి కుట్టిన కడుపు, దాని మీద ఈ గుడ్డ. కళ్లు మూసినా అదే, తెరిచినా అదే. డ్రైవర్ అళగర్‌కి ఫోన్ కొట్టింది, ఎత్తలేదు. మళ్లీ కొట్టింది. ఎంగిలి చేత్తోనే స్కూటీ తీసింది. రోడ్డులో ప్రతి లారీ అదే లారీ మాదిరి ఉంది, దగ్గరికి పోతే కాదు.

సేత్తూరు టీకొట్టు కాడ అళగర్ వడ నములుతా నిలబడి ఉన్నాడు.

"ఎన్నమ్మా, పులి తరుముతా ఉందా?"

"అన్నా, పెట్టెలు దించేసినావా?"

"ఇంకా తార్పాలిన్ కూడా విప్పలేదే!"

ఆమె లారీ ముందర రోడ్డు మీదనే కూలబడిపోయింది.

లారీ తిరిగొచ్చింది. వైష్ణవి విజయరాఘవ ముందరికి పోయి చెప్పేసింది. "తప్పు నాదే మామా. మీరా అత్త స్క్రీన్‌లో ప్రశ్నని మార్చేది మరిచిపోయినాను. ఇంక ఏ స్క్రీనూ డేటాబేస్‌ని నేరుగా అడగదు. అడిగేదానికని వేరేగా ఒకే క్లాస్, అదే ఒక ప్రోగ్రాం ముక్క, రాస్తాను. స్క్రీన్‌లన్నీ దాన్నే అడగాల. మార్చేదీ అక్కడ ఒక్క చోటే."

"అంటే నా స్క్రీన్ పీకేస్తావా?" ఆయన భయం ఆయనది.

"మీ స్క్రీన్ ఎక్కడికీ పోదు మామా."

"సరి. ఇది బయటికి పోయిందా, మన గుడ్డని ఏ ఆస్పత్రీ ముట్టదు. నీ నోట్లోనే ఉండనీ."

ఆ క్లాస్ రాసి ముగించేదాకా వైష్ణవికి కంటి మీద కునుకు లేదు. పాత ప్రశ్న ఇంకే స్క్రీన్‌లో దాక్కుని ఉందో అని దుప్పట్లో కూడా వెతికిందంట!

మొన్న కూరగాయల అంగడిలో పక్క వీధి కణ్మణి ఆమెని నిలబెట్టి, లారీకి అడ్డం పండుకునింది నిజమేనా అని అడిగేసింది. వైష్ణవి వంకాయలు ఏరుకుంటా తలెత్తకుండా చెప్పింది:

"ఏ లారీ అక్కా? మా మిల్లులో మెషిన్ చెడిందీ లేదు, లాట్ పోయిందీ లేదు. నేను సేత్తూరు పక్కకే పోలేదు. ఎవరు కట్టినారు ఈ కథ?"