ఆర్నప్ప దూకుడు చూడటానికి కడప ప్రయాణం

కడపకు సినిమా చూడటానికి పోయినవాళ్లు చాలామంది ఉంటారు. అసలు సినిమా మొదలు కాకముందే లేచి, సంతోషంగా ఇంటిదారి పట్టినవాళ్లం మాత్రం మేమిద్దరమే అయి ఉంటాం. ఎందుకు పోయామో ముందు చెప్పాలి.

కోయిలకుంట్ల దగ్గర మా మిషన్ ఆసుపత్రిలో నేను కాంపౌండరుని. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా జిల్లావాళ్లెవరికీ కాళ్లు నేలమీద ఆనేవి కావు. నాకు గర్వపడటానికి ఇంకో కారణం కూడా ఉండేది. మా నర్సు సిస్టర్ ఇంగ్రిడ్‌ది నార్వే దేశం. వచ్చి ఎనిమిదేళ్లయినా ఒక్కసారి కూడా తిరిగి పోలేదు. తెలుగు రోగుల దగ్గరే నేర్చుకుంది కాబట్టి అచ్చం మా మాటే మాట్లాడేది. ఆమె తమ్ముడు ఆర్నె మంచుగుట్టల మీదినుంచి దూకే ఆటగాడు. మనిషి కంటే పొడుగైన చెక్క పలకలు కాళ్లకు కట్టుకుని, ఏటవాలులో జారుకుంటూ వచ్చి, అంచు దగ్గర గాల్లోకి లేచి, ఎంతో దూరాన కింద దిగాలి. దిగేటప్పుడు ఒక కాలు ముందుకు పెట్టి, మోకాళ్లు వంచి, చేతులు చాచి నిలబడాలి. పడిపోతే ఎంత దూరం ఎగిరినా మార్కులు పోయినట్టే.

ఆ దేశాల్లో చలికాలమంతా ఈ పోటీలే. ఒక వారం ఆస్ట్రియా, ఇంకో వారం జర్మనీ, ఆ తరువాత ఫిన్లాండు. ఆర్నె తరచూ అక్కకు ఉత్తరం రాసేవాడు. సిస్టరమ్మ దాన్ని వరండాలో కూర్చుని రోగులకు తెలుగులో చదివి వినిపించేది. ఆయన ఎన్నో స్థానంలో వచ్చాడో నేను మందుల గది గోడ మీద సుద్దతో రాసేవాణ్ని. కట్టు కట్టించుకోవడానికి వచ్చిన ముసలాళ్లు కూడా కట్టు సంగతి తరువాత, "ఆర్నప్ప ఎన్నోవాడైనాడు?" అని అడిగేవాళ్లు. పదకొండో స్థానం అని చెబితే, "ఆ మార్కులేసేవాళ్లకు కండ్లు లేవా యేమి!" అని నా మీద ఎగిరిపడేవాళ్లు.

అంతకు ముందు ఏడు ఆర్నె ఒక పెద్ద గుట్ట మీద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఈ ఏడు సీజనులో ఆఖరి పోటీ మళ్లీ ఆ గుట్ట మీదే. "ఈసారి నిలబడితే ఇంకా ఆడతాను, పడితే పలకలు అటకెక్కిస్తాను" అని రాశాడు. అంతే, ఆ తరువాత రెండు నెలలు ఉత్తరమే లేదు. సిస్టరమ్మ పోస్టుమాను సైకిలు చప్పుడైతే చాలు, చేతిలో పని వదిలేసి బయటికి వచ్చేది. "మళ్లా విరిగినాదేమో కాంపౌండరప్పా, నాకు చెప్పకుండా దాస్తాండారేమో" అనేది.

ఇట్లా ఉండగా కడపలో సినిమా హాలు ఆపరేటరుగా ఉన్న మా దానియేలు బావ కార్డు రాశాడు. సినిమాకు ముందు వేసే వార్తల రీల్లో పలకలు కట్టుకున్న మనుషులు దూకుతున్నారట, గురువారం ఆ రీలు అనంతపురం పోతుందట. కార్డు మాకు అందింది మంగళవారం. డాక్టరుగారు కార్డు చదివి, "రేపొక్కరోజు నేనే చూసుకుంటాను, పొండి" అన్నాడు.

బుధవారం పొద్దున ఐదున్నర బస్సెక్కాం. వేసవిలో ఈ దారిన పోయేవాళ్లు ఎడమ పక్క కూర్చోకండి, ఏడు దాటితే ఎండంతా ఆ పక్కే. ఈ సంగతి నాకు తెలిసీ సిస్టరమ్మను ఆ పక్కనే కూర్చోబెట్టాను, కంగారు అట్లాంటిది. ఎనిమిదికి జమ్మలమడుగు. ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. తిన్నది నేనే, ఆమె మంచినీళ్లు తాగి ఊరుకుంది.

పెన్న దాటేటప్పుడు పక్క సీటు అవ్వ మా సంగతంతా విని, "మంచు అంటే యెట్లుంటాది తల్లీ?" అని అడిగింది. ఏట్లో చుక్క నీళ్లు లేవు. సిస్టరమ్మ కిటికీలోంచి చూపించింది.

"ఆ ఇసుక మాదిరి ఉంటాది అవ్వా. కాకపోతే శానా చల్లగ."

"దాని మీదికి దూకుతాంటే వాళ్లమ్మ ఊరుకుంటాదా?"

"యాడ ఊరుకుంటాది? కండ్లు మూసుకుంటాది."

నాకు రోషం వచ్చింది. "దూకేదానికి గుండె ఉండల్లవ్వా! అందరి బిడ్డలూ దూకుతారా?" అన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు దూకినట్టే మాట్లాడుతాండావే" అంది. బస్సంతా నవ్వింది.

తొమ్మిదిన్నరకు ముద్దనూరు స్టేషను చేరాం. పాసింజరు గంట లేటు. మూడో తరగతిలో నిలబడే పోయాం. ఒంటిగంటకు కడపలో దిగి, జట్కాలో హాలు చేరేసరికి బావ గేటు దగ్గరే ఉన్నాడు. "రాండమ్మా" అని మమ్మల్ని కుర్చీల వరుసలో కూర్చోబెట్టాడు. రేకుల కప్పు, కింద కాలిపోతున్న జనం. రెండున్నరకు ఆట మొదలైంది.

ముందు ఏదో కాలువ తవ్వకం చూపించారు. తరువాత తెరంతా తెల్లగా అయిపోయింది. ఒకడు దూకాడు, దిగాడు. ఇంకొకడు దూకి దొర్లాడు, హాలంతా అయ్యో అంది. మూడోవాడు అంచు దగ్గరికి వస్తుండగానే సిస్టరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వాడే! మా ఆర్నె!"

మొహం శనగగింజంత కూడా లేదు. అయినా అక్కకు తెలియదా! మనిషి గాల్లోకి లేచాడు, చేతులు ముందుకు చాచి పలకల మీదికి వంగాడు. అట్లా పోతున్నాడు, పోతున్నాడు, ఇంక దిగుతాడనగా టక్కున తెర మీద ఎవరో మంత్రిగారు రిబ్బను కత్తిరిస్తున్నారు.

నాకు ఒళ్లు మండింది. కుర్చీ ఎక్కి, "ఆపు బావా! మళ్లీ వెయ్యి!" అని అరిచాను. వెనక బెంచీలోంచి ఒకాయన, "ఏమప్పా, ఏమాయ నీకు?" అన్నాడు.

"గాల్లో ఉండేది ఈయమ్మ తమ్ముడప్పా! దిగినాడో పడినాడో తెలీక రెండు నెలల నుంచి అల్లాడతాండాది!"

నాటకాల్లో పద్యం నచ్చితే నటుణ్ని స్టేజి దిగనివ్వని జనం కడప జనం. వాళ్లకు ఇంకేం చెప్పాలి? "వన్స్ మోర్!" అని ఒక్క గొంతుతో లేచారు. బావ మళ్లీ వేశాడు. మళ్లీ గాల్లోకి లేచాడు, మళ్లీ మంత్రిగారు. ఈసారి ఈలలు, కాళ్లతో తన్నులు. "మనిషిని గాల్లోనే ఇడిసిపెట్టేదేందప్పా! ముందు ఆయప్పను దించండి, సినిమా తరవాత!" అని కేకలు.

ఇద్దరం మెట్లెక్కి మిషను గదికి పరుగెత్తాం. బావ నా కళ్లలోకి చూడలేదు.

"మొన్న మ్యాట్నీలో ఈడనే తెగింది బామ్మర్దీ. మిషను పండ్లు పట్టే అంచు చిల్లులు చిరిగిన ముక్క కత్తిరించి, మిగిలింది అతికించినా. మంచే గదా అనుకుంటి."

"మంచే గదానా! నీ కత్తెర పాడుగాను! ముక్క యాడ పారేస్తివి?"

బల్ల కింద రేకు డబ్బా చూపించాడు. రెండు నెలల కత్తిరింపులన్నీ అందులోనే. ముగ్గురం నేలమీద కూర్చుని, ఒక్కో ముక్కా తీసి తలుపులోంచి వచ్చే ఎండకు పెట్టి చూశాం. ఒకదాంట్లో గుర్రం కాళ్లు, ఒకదాంట్లో ఎవరిదో జడ, ఇంకోదాంట్లో రాజుగారి మీసం. కింద జనం హాలు కూల్చేటట్టున్నారు. చివరికి సిస్టరమ్మ చేతికే జానెడు తెల్లటి ముక్క వచ్చింది. ముక్క రెండో కొన నేను పట్టుకున్నాను.

పై బొమ్మలో ఆర్నె గాల్లోనే ఉన్నాడు. కింది బొమ్మల్లోకి వచ్చేసరికి పలకలు మంచును తాకాయి. ఒక కాలు ముందుకు పోయింది. మోకాళ్లు వంగాయి. రెండు చేతులూ చాచాడు. ఆఖరి బొమ్మదాకా అట్లాగే ఉన్నాడు.

"నిలబడినాడు," అంది సిస్టరమ్మ. ఆ ఒక్క మాట అని, అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చేసింది. నేను బొమ్మ పడే కంతలో నోరు పెట్టి, "నిలబడినాడప్పా!" అని అరిచాను. కింద లేచిన ఈలలకు రేకులు అదిరాయి. ముక్కు మొహం తెలియని మనిషికి కడప చేసిన మర్యాద అది. నా జన్మలో అంత గర్వం నాకెప్పుడూ కలగలేదు. ఆ ముక్క మళ్లీ రీల్లో పెడితే మళ్లీ తెగుతుందట. బావ దాన్ని చిన్న కాగితంలో చుట్టి ఆమెకే ఇచ్చాడు.

నాలుగున్నర పాసింజరుకు తిరుగు ప్రయాణం. ఇప్పుడు సిస్టరమ్మకు ఆకలైంది, నా వాటా బన్ను కూడా తినేసింది. "ఇప్పుడు గుర్తొచ్చినాది," అంది. "వాడు ఓడినప్పుడే ఉత్తరాలు రాసేది. గెలిస్తే ఊర్లెంబడి తిరుగుతాంటాడు, దొంగ!"

కమలాపురం దాటాక కిటికీకి ముక్క పెట్టి చూస్తుంటే పక్కన తాడిపత్రి బట్టల వ్యాపారి, గడ్డం పండిన సాయిబు, అడిగి తీసుకుని చూశాడు. "మాషా అల్లా! ఎంత బాగా దిగినాడమ్మా!" అన్నాడు. ఇంకేముంది, పెట్టెంతా వరుస కట్టింది. పసిబిడ్డను చంకనేసుకున్న తల్లి, గొర్రెలు అమ్మి వస్తున్న అన్నదమ్ములు, అందరూ కళ్లు చికిలించి చూసినవాళ్లే. ఫిలింలో మంచు ఉన్నచోట అద్దంలా ఉంటుంది కదా, అందులోంచి బయట ఎర్రగుంట్ల బండల గుట్టలు, ఎండిన చేలు కనిపించేవి. ఆర్నె మా నేలమీదికే దిగుతున్నట్టుంది. ఆ పోటీలో ఎవరు గెలిచారో నేటికీ నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. మన సీమలో ఎవరి బిడ్డైనా నిలబడ్డాడంటే సంతోషించడానికి ఇంతమంది ఉంటారని ఆ ఒక్కరోజు ప్రయాణంలో తెలిసింది.

చివరగా చూసిన ఆ పసిబిడ్డ తల్లి ముక్క తిరిగి ఇస్తూ, "యా ఊరమ్మా ఈయప్పది?" అని అడిగింది.

నార్వే అని చెప్పి, అదెక్కడుందో వివరించడానికి నేను గొంతు సవరించుకున్నాను. సిస్టరమ్మ నన్ను మాట్లాడనివ్వలేదు.

"కోయిలకుంట్ల తాలూకా," అంది.