ఇంటిపేరు అడగని సైటు

సామర్లకోటలో తబిత చాలా ఏళ్లు పిల్లలకు కంప్యూటరు నేర్పింది. ఆ ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఆమెకే పని లేకుండా పోయింది. అప్పుడే ఒక సంగతి ఆమె మనసులో పడింది. బజారులో సగం దుకాణాల షట్టర్ల మీద ‘పనివారు కావలెను’ అని కాగితాలు అంటించి ఉండేవి. ఆమె ఉండే పేటలో మాత్రం ప్రతి గుమ్మం ముందూ ఎవరో ఒకరు, “ఎక్కడైనా పనుంటే చెప్పమ్మా” అనేవారు. ఈ రెండు చోట్లకీ మధ్య నడిచి వెళ్లేంత దూరమే.

డిగ్రీలో తన పక్కన కూర్చున్న శ్రీదుర్గను పిలిచి, ఊళ్లోవాళ్లకి దుకాణాల్లో పని కుదిర్చే వెబ్‌సైట్ ఒకటి మొదలుపెట్టింది. శ్రీదుర్గది పెద్ద రైతు కుటుంబం. వీడియోలు చూసి నేర్చుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ ఇద్దరూ సైటు తయారుచేశారు. మొదటిసారి ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు లాప్‌టాప్‌లో చక్కగా తెరుచుకుంది గానీ, పేటలో జనం వాడే ఫోన్లలో తెల్ల తెర మాత్రమే కనిపించింది. బొమ్మలన్నీ పీకేశారు. ఇంగ్లీషు తగ్గించేశారు. పేరు, ఫోను, ఉండే ఊరు, వచ్చిన పని, ఇంతే అడిగారు. అప్పుడు తెరుచుకుంది.

దుకాణాలవాళ్లు మొదట నమ్మలేదు. శ్రీదుర్గకు బాబాయి వరసైన జగన్నాథరావు చెప్పాక చేరారు. ఆయనకు కల్యాణ మండపం, కేటరింగ్ ఉన్నాయి. వర్తక సంఘానికి కార్యదర్శి కూడా. ప్రారంభోత్సవం ఆయన మండపంలోనే జరిగింది. తబితకు శాలువా కప్పి, “మన ఊరి ఆడపిల్ల” అని మైకులో మెచ్చుకున్నాడు. బట్టల షాపులకు అమ్మాయిలు, మిల్లులకు డ్రైవర్లు దొరికారు. జగన్నాథరావు కేటరింగ్‌కు దేవకుమారి దొరికింది.

దేవకుమారి హాస్టళ్లలో వండి చెయ్యి తిరిగిన మనిషి. భర్త పోయాక ఆ వంటతోనే పిల్లల్ని చదివించుకుంది. ఆమె పనసపొట్టు కూరను పెళ్లివాళ్లు అడిగి మరీ వడ్డించుకునేవారు. ఒక శనివారం ఆమె జగన్నాథరావుతో, “రేపు చర్చిలో ఆరాధన ఉందండి. అయిపోగానే వచ్చేస్తాను,” అంది.

“చర్చా? మీది ఏ పేట?”

చెప్పింది. మర్నాడు వచ్చేసరికి పొయ్యి దగ్గర వేరే మనిషి ఉంది. ఆయన పెరట్లో కుళాయి వైపు చూపించి, “ఇకనుంచి గిన్నెలు తోముకో. వంట దగ్గరికి రాకు,” అన్నాడు.

దేవకుమారి చెంగు బిగించి నేరుగా తబిత ఇంటికొచ్చింది. “నేనేమైనా అబద్ధం రాశానా తబితా? వంట వచ్చని రాశాను. వచ్చు. ఇన్ని పెళ్లిళ్లలో తిన్నారు. నిన్నటిదాకా రుచిగా ఉన్న కూరకి ఇవాళ ఏమొచ్చింది?”

తబిత ఫోను చేసేలోపు జగన్నాథరావు నుంచే కబురొచ్చింది, తననీ శ్రీదుర్గనీ ఆఫీసుకి రమ్మని. ఆయన కోపంగా లేడు. పాడైన ఫ్యాను బాగుచేయించమన్నంత మామూలుగా మాట్లాడాడు.

“సైటులో చిన్న లోపం ఉందమ్మా. పేరు చూస్తే ఎవరో ఏంటో తెలియట్లేదు. ఇంటిపేరు, కులం అని ఒక కాలమ్ పెట్టేయండి. అందరికీ కనపడక్కర్లేదు, ఓనర్లకి కనపడితే చాలు.”

“నాదీ ఆ పేటేనండి,” అంది తబిత.

“నీ సంగతి వేరమ్మా. చదువుకున్నదానివి.”

“అందుకని శాలువా కప్పారు. మీ వంటింట్లోకి మాత్రం నన్నూ రానివ్వరు కదండీ?”

“నేను పెట్టిన రూలా ఇది? పెళ్లివారు అడుగుతారు.”

“ఏ పెళ్లివారు అడిగారండి? ఒక్కరి పేరు చెప్పండి.”

ఆయన శ్రీదుర్గ వైపు తిరిగాడు. “అమ్మాయ్, నువ్వయినా చెప్పు.”

శ్రీదుర్గ అప్పటికే ఫోన్లో ఏదో నొక్కుతోంది. “బాబాయ్, మీ కేటరింగ్‌ని సైటులోంచి తీసేశాను. దేవకుమారి గారిని మళ్లీ పొయ్యి దగ్గర నిలబెట్టిన రోజు పెడతాను.”

“సంఘం మొత్తం వెళ్లిపోతుంది!”

“వెళ్లనివ్వండి.”

నిజంగానే వెళ్లిపోయారు. ఒకాయన నెట్ సరిగా రావట్లేదన్నాడు. ఇంకొకాయన ఇప్పుడు మనుషులు అక్కర్లేదన్నాడు. ఆయన షట్టరు మీద మళ్లీ కాగితం వెలిసింది. నిజం చెప్పే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది. శ్రీదుర్గతో వాళ్ల నాన్న మాట్లాడడం మానేశాడు.

దేవకుమారి మాత్రం ఊరుకోనంది. తబితతో కలిసి కాకినాడలో ఒక లాయరు దగ్గరికి వెళ్లింది. ఆయన అంతా విని, ఇబ్బందిగా కదిలాడు. “కాగితాల్లో మీరు క్రైస్తవులమ్మా. మతం మారితే ఎస్సీ హోదా ఉండదు. మీకు ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు నిలబడదు.”

“అంటే పొయ్యి దగ్గర నాకు కులం ఉంది, కోర్టు దగ్గరికొస్తే లేదు,” అంది దేవకుమారి. “మధ్యలో ఎక్కడ దిగిపోయిందండీ అది? బస్సులోనా?”

లాయరు బల్ల మీది పెన్ను సర్దుకున్నాడు. తిరుగు ప్రయాణంలో తబిత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదది, ఒళ్లు మండిపోయి.

ఆ తర్వాత వర్తక సంఘం సొంతంగా ఒక యాప్ తెచ్చింది. అందులో ‘సామాజిక వర్గం’ అనే గడి నింపకపోతే ముందుకు పోదు. దానికీ శాలువాలు కప్పుకున్నారు. పేటలోవాళ్లు కూడా అందులో చేరుతున్నారు. వాళ్లను తబిత ఒక్క మాట అనలేదు. ఇంట్లో పొయ్యి వెలగాల్సినవాళ్లను తప్పుబట్టడమేంటి? సిగ్గుపడాల్సింది ఆ గడి పెట్టినవాళ్లు.

సైటు చిన్నదైపోయింది గానీ ఆగలేదు. మెకానిక్ షెడ్లు, ఒక క్లినిక్, బుల్లియ్య బేకరీ మిగిలాయి. “నాకు రొట్టె మాడకుండా చూసే మనిషి కావాలండి. మిగతాది నాకెందుకు?” అన్నాడు బుల్లియ్య. దేవకుమారి స్టేషను దగ్గర చెల్లెలితో కలిసి కర్రీ పాయింట్ పెట్టుకుంది. బేరం బాగానే ఉంది. అయినా మండపం మాటెత్తితే ఆమె గొంతు ఇప్పటికీ మారిపోతుంది.

మొన్న తబిత పిఠాపురంలో కొత్తగా తెరిచిన ఫర్నిచర్ షాపుకి, సైటులో చేరమని అడగడానికి వెళ్లింది. ఓనరు మర్యాదగా కుర్చీ వేశాడు. ఆమె ఫోన్లో సైటంతా చూశాడు.

“బాగుందండి. మరి వీళ్లు ఏవిట్లో, ఏ కులమో ఎక్కడ కనపడుతుంది?”

“కనపడదండి.”

ఆయన నవ్వి ఫోను తిరిగి ఇచ్చేశాడు. “అయితే వద్దులెండి.”

తబిత లేచి, చెప్పులు తొడుక్కుని, పక్క షాపు మెట్లెక్కింది.