ఒకే చేతిరాతలో అందరి చీటీలు

మా టీచరమ్మ పోయిన నెల ఒక బుధవారం పొద్దున చనిపోయారు. నేను అప్పుడు మేడ్చల్‌లో ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టులో ఉన్నాను. టీ తాగడానికి బయటికొచ్చి ఫోను చూస్తే, మా చర్చి యూత్ గ్రూపులో 'టీచరమ్మ ప్రభువునందు నిద్రించారు' అని ఉంది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. నాకు ముందు ఏడుపు రాలేదు. ఈ మాట చదివితే ఆమె కోప్పడతారనిపించింది. నిద్ర అంటేనే ఆమెకు పడదు. ఆదివారం మధ్యాహ్నం కోడికూర తిని వచ్చి మీటింగులో తల వాల్చినవాణ్ణి ఇన్నేళ్లలో ఒక్కణ్ణి కూడా వదల్లేదు. "ఏందిర, నువ్వు కోడిని తిన్నవా, కోడే నిన్ను తిన్నదా?" అని అందరి ముందూ లేపేవారు.

ఆమె గౌడవెల్లిలో అంగన్‌వాడీ టీచరు. మా చర్చిలో యూత్‌కు పెద్ద. చర్చికి ఇంకా రేకుల కప్పే ఉన్నప్పుడు, పిల్లల్ని ఎవరైనా చూసుకోండమ్మా అని పాస్టరయ్య అడిగితే చెయ్యెత్తారట. ఆ ఎత్తిన చెయ్యి మళ్లీ దించలేదు. ఊళ్లో సగం మంది ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే. గుడికి పోయేవాళ్లకూ చర్చికి వచ్చేవాళ్లకూ కూడా ఆమె టీచరమ్మే. అందుకే ఇక్కడ పేరు రాయడం లేదు. రాస్తే మా ఊరివాళ్లే ఎవరా అని అడుగుతారు.

యూత్ మీటింగు ఆదివారం నాలుగింటికి. నాలుగంటే నాలుగే. ఒకసారి పెద్ద వాన పడి నేనొక్కణ్ణే వెళ్లాను. ఇక ఇంటికి పంపిస్తారనుకున్నాను. చాప పరిచి, పాట పాడించి, ప్రార్థన చేసి, వాక్యం చదివించి, చివర బైబిల్ క్విజ్ కూడా పెట్టారు. ఆ రోజు మొదటి బహుమతి నాదే, చివరి స్థానమూ నాదే. పెన్ను చేతిలో పెడుతూ, "దేవుడు నాలుగింటికే వచ్చి కూసుంటడు. లేటయ్యేది మీరే" అన్నారు.

డిసెంబరులో ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి చుట్టుపక్కల ఊళ్లలో క్రిస్మస్ పాటలు పాడేవాళ్లం. ఏడాదికోసారి బ్రెడ్డూ అరటిపళ్లూ పట్టుకుని సర్కారు దవాఖానకు వెళ్లేవాళ్లం. ఎండాకాలం పరీక్షలయ్యాక శామీర్‌పేట చెరువు దగ్గరికి పిక్నిక్. బగారా అన్నం గిన్నెలు దించామో లేదో ఆమె మమ్మల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టేవారు. నీళ్లవైపు వెళ్తే ఒకసారి, వెనక్కి వస్తే ఒకసారి. మీసాలొచ్చిన మమ్మల్ని తలమీద వేలు పెట్టి, అంగన్‌వాడీ పిల్లల్ని లెక్కపెట్టినట్టే లెక్కపెట్టేవారు. మాకు సిగ్గుగా ఉండేది. కానీ ఎవరమూ తల పక్కకు తీసేవాళ్లం కాదు.

వీటన్నిటికన్నా నేను చెప్పాల్సింది చీటీల సంగతి.

మీటింగు చివర ఒక పాలపొడి డబ్బా తిరిగేది. ఎవరి మనసులో ఉన్న ప్రార్థన వాళ్లు ఒక చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా అందులో వెయ్యాలి. డబ్బా కుదిపి మళ్లీ తిప్పితే ఒక్కొక్కరం ఒక్కో చీటీ తీసుకోవాలి. నీకు వచ్చిన చీటీ కోసం వారమంతా, రోజూ, నువ్వే ప్రార్థన చెయ్యాలి. వచ్చే ఆదివారం ఆ చీటీ తిరిగి తేవాలి. ఆమె వాటిని ఇంటికి తీసుకెళ్లి పొయ్యిలో వేసేవారు. ఒకటి తక్కువైతే ఎవరు తేలేదని అడిగేవారు కాదు. "ఒకటి రావాలె" అని మాత్రం అని ఊరుకునేవారు.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు ఒక చీటీ వచ్చింది. 'ఇంటర్ ఫెయిలైన. ఇంట్ల పాసైన అని చెప్పిన. నాయినకు ఎట్ల చెప్పాలె?' అని ఉంది. ఎడమకు వాలిన ఆ అక్షరాలు చూడగానే తెలిసిపోయింది, అది ప్రవీణ్‌ది. మేమిద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం. వాడి మీద నాకు పగేమీ లేదు. అయినా మర్నాడు వాలీబాల్ ఆడుతూ, పదిమంది ముందు, "డిగ్రీ ఏ కాలేజీలర ప్రవీణ్? ముందు ఇంటర్ అయితె గద!" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వించానని నేనూ నవ్వాను. ఆ సాయంత్రం పాలకేంద్రంలో పాలు పోయడానికి వెళ్లిన వాళ్ల నాయినకు అక్కడే ఎవరో చెప్పేశారు. ప్రవీణ్ నెలరోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు.

రెండు రోజుల తర్వాత టీచరమ్మ మా ఇంటికి వచ్చారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె మా అవ్వతో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడారు, చాయ్ తాగారు, లేచారు. గేటు దాకా రమ్మని నన్ను సైగ చేశారు.

"చెప్పింది నువ్వే అని నాకు తెల్సు. మీ అవ్వకు చెప్పలే. ఎందుకు చెప్పలేదో ఎర్కేనా?"

తెలియదని తల ఊపాను.

"నలుగుట్ల చెప్తె ఎట్లుంటదో నువ్వు ప్రవీణ్‌కు చూపించినవ్. చెప్పకుంటె ఎట్లుంటదో నీకు గూడ తెల్వాలె గద. నడువు ఇగ, చెప్పులేసుకో."

ప్రవీణ్ ఇంటికి తీసుకెళ్లారు. వాళ్ల నాయిన నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టారు. ఆయన అలిసిపోయేదాకా ఆమె గుమ్మంలో కూర్చున్నారు, మధ్యలో ఒక్కసారీ అడ్డం రాలేదు. తర్వాత, "అయిపోయిందా అన్నా? ఇగ పిలగాన్ని పరీక్షకు పంపు" అన్నారు. ప్రవీణ్ సప్లిమెంటరీ రాసి పాసయ్యాడు. యూత్‌కు మళ్లీ వచ్చాడు. నాతో మామూలుగా మాట్లాడటానికి ఇంకో ఏడాది పట్టింది.

నన్ను ప్రవీణ్ ఇంటికి తీసుకెళ్లిన ఆ వారం, ఆదివారమే ఆమె పద్ధతి మార్చారు. చీటీలన్నీ డబ్బాలో పడ్డాక, "మీరు ఒక పాట పాడుతుండుండ్రి" అని చెప్పి వెనక మెట్టు మీద కూర్చున్నారు. పాత రిజిస్టరు కాగితాలు ఒకే కొలతలో కత్తిరించి తెచ్చుకున్నారు. ప్రతి చీటీనీ తన చేత్తో, మాట మార్చకుండా తిరిగి రాసి, అసలువి చింపేశారు. అంగన్‌వాడీ పలకల మీద రాసే గుండ్రటి పెద్ద అక్షరాలే అవి. ఇక ఏ చీటీ ఎవరిదో ఎవరికీ తెలిసే దారి లేదు. పదిహేనేళ్లు ప్రతి ఆదివారం ఇదే పని. అప్పుడు పాడేదాన్ని మేము రాత పాట అనేవాళ్లం. మంది ఎక్కువైతే ఆ ఒక్క పాటనే మూడుసార్లు తిప్పి తిప్పి పాడేవాళ్లం. డబ్బా తిరుగుతున్నంతసేపూ ఆమె ముఖం కిటికీవైపు పెట్టుకునేవారు. ఏది ఎవరికి వెళ్తుందో తనకు కూడా తెలియకూడదని.

ఆమె కూడా చీటీ వేస్తారన్న సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. అందరి చీటీలూ ఆమె చేతిరాతలోనే ఉంటే, ఆమెది ఏదని గుర్తుపడతాం?

పెళ్లయ్యాక నేను బహదూర్‌పల్లికి మారాను. ముప్పై దాటినా యూత్‌లోనే లెక్క. బండి మీద నెలకు రెండు ఆదివారాలైనా వెళ్తాను. అలా వెళ్లిన ఒక ఆదివారం నాకొచ్చిన చీటీలో, 'దవాఖానల రిపోర్టు రావాలె. ఇంట్ల ఎవ్వరికి చెప్పలె. భయమైతాంది' అని ఉంది. కొత్తగా చేరిన ఒక అమ్మాయిదనుకున్నాను. ఆ సాయంత్రం ప్రార్థన చేశాను. మర్నాడు షిఫ్టు మారింది. చీటీ టిఫిన్ బ్యాగులో పడింది. దాచడానికేముంది, ఆ తర్వాత మళ్లీ గుర్తు రాలేదు. తర్వాతి ఆదివారం మా అత్తగారివైపు ఫంక్షన్ ఉండి వెళ్లలేదు. ఆ వారంలోనే టీచరమ్మను ఆస్పత్రిలో చేర్చారని, కడుపులో గడ్డ అని, ఆపరేషన్ అని తెలిసింది. మూడు వారాలు ఆస్పత్రిలోనే ఉన్నారు. ఇంటికి రాలేదు.

సమాధి కార్యక్రమానికి ఊరు ఊరంతా వచ్చింది. అంగన్‌వాడీ పిల్లల్ని చంకనేసుకుని తల్లులు వచ్చారు. ఒక పిల్ల పెట్టెవైపు చూసి, "టీచర్ పండుకున్నదా?" అని గట్టిగా అడిగింది. వాళ్ల అమ్మ దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పెట్టె మోసినవాళ్లలో ప్రవీణ్ కూడా ఉన్నాడు. తిరిగొస్తుంటే నాతో అన్నాడు, "ఆఖరుసారి వచ్చిన ఆదివారం చీటీలు లెక్కవెట్టి, ఒకటి రావాలె అన్నదిర. మళ్ల తనే, వస్తదిలే అన్నది."

ఆమెకు ఒక్కతే కూతురు, కుత్బుల్లాపూర్‌లో ఉంటుంది. ఇంటి ముందు కుర్చీల్లో మాకు చాయ్ ఇస్తూ చెప్పింది. "అమ్మ నాకు గూడ ముందుగాల చెప్పలేదన్నా. రిపోర్టు వచ్చినంక చెప్పింది. ఒక్కదానివే ఎట్ల పోయినవే, భయం కాలేదా అని అడిగిన. ఒక్కదాన్ని ఎందుకైత బిడ్డా, చీటీ ఏసిన, ఎవరికి పోయిందో గని రోజూ నాకోసం ప్రార్థన జేస్తనే ఉన్నరు, అన్నది."

గ్లాసు చేతిలో కాలుతున్నా నేను కింద పెట్టలేదు.

"ఆ చీటీ ఎవరికి వచ్చిందన్నా? మీకు గిన ఎర్కేనా?" అని అడిగింది.

"తెల్వదమ్మా" అన్నాను.

ఇంటికెళ్లి టిఫిన్ బ్యాగు వెతికాను. గిన్నె కింద ఉంది. ఒక మూల పసుపు మరక. మధ్యలో ఆ గుండ్రటి అక్షరాలు. భయమైతాంది అన్న మాటను కూడా ఆమె తొందర లేకుండా, పిల్లలకు రాసి చూపించినంత నెమ్మదిగా రాశారు. పదిహేనేళ్లలో ఆమె రాసిన చీటీలన్నీ పొయ్యిలో పోయాయి. నా మతిమరుపు వల్ల ఇది ఒక్కటి మిగిలింది. ఆ రోజు ఏడ్చాను.

ఆ ఆదివారం నాలుగింటికి పది నిమిషాల ముందే చర్చికి వెళ్లాను. పదకొండు మందిమి ఉన్నాం. పాటలు, వాక్యం అయ్యాయి. డబ్బాలో చీటీలు పడ్డాయి. రాత పాట ఎత్తుకోవాలి, కానీ రాసేది ఎవరు? అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"నేను రాస్త" అన్నాను.

ప్రవీణ్ నావైపు చూశాడు. ఆ చూపు మా ఇద్దరికే అర్థమైంది. డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, వెళ్లి కూర్చుని పాట అందుకున్నాడు.

వెనక మెట్టు మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పాను. నలుగురైదుగురి చేతిరాత చూడగానే తెలిసిపోయింది. అప్పుడుగానీ నాకు ఎక్కలేదు. మా ఎవరి సంగతీ ఎవరికీ తెలియకుండా చేసి, అందరి సంగతీ ఆమె ఒక్కరే మోశారు. మా ఇళ్లల్లో తాగుళ్లూ, తప్పిన పరీక్షలూ, కుదరని పెళ్లిళ్లూ అన్నీ తెలిసిన మనిషి, మర్నాడు దారిలో కనిపిస్తే "అన్నం తిన్నవార?" అని తప్ప ఇంకేమీ అడిగేవారు కాదు. చివరి కాగితం మీద నాది రాశాను. 'నాకొచ్చిన చీటీకి ఒక్కరోజే ప్రార్థన జేసిన. వాళ్ల బిడ్డకు అబద్ధం చెప్పిన. నిజం చెప్పే ధైర్యం కావాలె.' మిగతావాటిలాగే నాలుగు మడతలు పెట్టాను.

అది ఎవరికి వెళ్లిందో నాకు తెలియదు. ఎవరో గట్టిగానే ప్రార్థన చేసి ఉంటారు. ఆ శనివారం కుత్బుల్లాపూర్ వెళ్లి కూతురికి ఉన్నదున్నట్టు చెప్పాను. చీటీ ఇవ్వబోతే తీసుకోలేదు. ఆమె ఏమన్నదన్నది ఇక్కడ రాయను. అందరికీ చెప్పుకునే అలవాటు నాకు పోవాలని టీచరమ్మ చాలా కష్టపడ్డారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వెళ్తున్నాను. డబ్బా తిరుగుతున్నప్పుడు నేనూ ముఖం కిటికీవైపు పెట్టుకుంటాను. ఎదురుగా అంగన్‌వాడీ గోడ కనిపిస్తుంది. బడులు తెరిచే ముందు ప్రతి ఏడూ ఆమె నీలం రంగుతో దిద్దే అక్షరాలు దాని మీద వరసగా ఉన్నాయి. వానకు కింది వరస కొంచెం వెలిసింది. చొక్కా జేబులో పసుపు మరక చీటీ ఉంటుంది. పోయిన వారం చీటీలు తిరిగొచ్చాక లెక్కపెడతాను. అన్నీ వచ్చే ఉంటాయి. అయినా నాలో నేను అనుకుంటాను, ఒకటి రావాలె.