వేలాడే స్తంభం కింద నాయన తువ్వాలు

కాలేజీ బస్సు ఎక్కేటప్పుడు అందరి సంచుల్లో చిత్రాన్నం డబ్బాలు, చిప్స్ ప్యాకెట్లు ఉన్నాయి. నా సంచిలో నాయన తువ్వాలు ఉంది. ఉతికింది కూడా కాదు. ఆయన చెమట దాంట్లో ఉండాలని అమ్మే ఉతకనివ్వలేదు.

అంతకు ముందు వారమే, మగ్గం మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. కుడి చెయ్యి పడిపోయింది. మాట ముద్దయిపోయింది. ధర్మవరం ఆసుపత్రిలో డాక్టరు చూసి, "కదలిక వచ్చేదుంటే ఈ కొద్దిరోజుల్లోనే మొదలవ్వాలమ్మా, చూద్దాం" అన్నాడు. చూద్దామంట! నేతపని చేసే చెయ్యి అది. అది లేస్తే మళ్ళీ మగ్గం ఉంటుంది, లేవకపోతే లేదు. మగ్గం లేని మా నాయనను నేను ఊహించుకోలేకపోయాను. ఆయనకు ఇంకో పని రాదు.

నేను టూరుకు రానని మొండికేశాను. అమ్మ ఒప్పుకోలేదు.

"నువ్వీడ కూర్చోని ఏం చేస్తావు పాపా? గోడ చూసుకుంటా ఏడుస్తావు, అంతే గదా. పో. లేపాక్షిలో ఆ వేలాడే స్తంభం కింద నాయన తువ్వాలు ఈ పక్క నుంచి ఆ పక్కకు తీయి. మొత్తం బయటికొచ్చిందా, చెయ్యి లేస్తాది. నాకు నమ్మకముండాది."

ఆ స్తంభం నేలకు ఆనదు. కింద సందులో బట్ట దూర్చి తీస్తే మంచి జరుగుతుందని మా వైపు అందరూ తీస్తారు. నేను హిస్టరీ చదివే దాన్ని. అయినా ఆ రోజు నాకు ఆ సందు తప్ప వేరే దారి కనబడలేదు.

మా నాయన సంగతి ఒకటి చెప్పాలి. చీర నేయడం అయిపోయాక షావుకారు ముందు పరిచేటప్పుడు, ఎక్కడన్నా పోగు తెగిన చోటుంటే దాన్నే ముందు పైకి పెడతాడు. "ఇదో సామీ, ఈడ తప్పుండాది" అని వేలితో చూపిస్తాడు. అమ్మకు ఒళ్ళు మండేది. "అందరి మాదిరి దాన్ని లోపలికి మడిస్తే నీ సొమ్మేం పోతాది?" అని ఇంటికొచ్చాక దులిపేసేది. "మడిస్తే మాత్రం యాడికి పోతాది?" అనేవాడు ఆయన. ఎన్ని తిట్లు తిన్నా ఆ అలవాటు మాత్రం మానలేదు.

పెనుకొండలో ముందు జైన బసదికి తీసుకుపోయారు. సార్ విజయనగర కాలం గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు, అందరూ రాసుకుంటున్నారు. నేను లోపల పచ్చరాతి దేవుడి ముందు నిలబడి, "చెయ్యి లేపు సామీ" అంటున్నాను. తర్వాత దర్గా. అక్కడా గడప దగ్గరే కూలబడి కొంగు చాపాను. ఏ దేవుడైతే నాకేమి, వింటే చాలు.

బస్సులో నా పక్కన కూర్చునే స్నేహితురాలికి ఇదంతా వేళాకోళంగా తోచింది. "ఏమ్మే, కనబడిన దేవుళ్ళందర్నీ పట్టేస్తాండావు! పరీక్షల్లో ఫస్టు రావాలనా?" అంది.

"నీకేంమే, మీ నాయన బాగుండాడు!" అని అరిచేశాను.

పాపం, దానికి తెలియదు. నేనెవరికీ చెప్పలేదు. బస్సు హిందూపురం దాటేలోగా అంతా చెప్పి ఏడ్చేశాను. అది నా సంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. "నేనూ ఒక పక్క పట్టుకుంటాలే, ఇద్దరం తీద్దాం" అంది.

లేపాక్షి గుడిలో స్తంభం దగ్గర మా వాళ్ళదే గోల. పలచటి చున్నీలు జర్రున ఇటు దూరి అటు వస్తుంటే నవ్వులు, సెల్ఫీలు. మా వంతు వచ్చింది. నేను నేలకు వంగి తువ్వాలు దూర్చాను, నా స్నేహితురాలు అటు నుంచి అందుకుంది. సగం పోయింది. ఆగిపోయింది.

"లాగు, లాగు!" అన్నాను. అది లాగింది. నేనూ ఇటు నుంచి ఎగదోశాను. అప్పుడు పరపరమని చప్పుడు వినబడింది. నేత ఇంట్లో పుట్టిన దాన్ని, బట్ట చినిగే చప్పుడు నాకు ఇంకొకరు చెప్పాలా?

కాపలా ఆయన పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో, ఆ మూల నుంచి కాదు పాపా! ఆ మూల ఒక్కటే నేలకు ఆనుకోనుండాది. ఎవురూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. సార్ మోకాళ్ళ మీద కూర్చుని నెమ్మదిగా ఊపి ఊపి తువ్వాలు బయటికి తీశాడు. ఒక కొస చీలిపోయింది, పోగులు వేలాడుతున్నాయి. చిన్న పీలిక రాయి కిందే ఉండిపోయింది. "తువ్వాలుకు ఇంత ఏడుపేందమ్మా?" అన్నాడు సార్. ఇంకోసారి తీద్దామని స్నేహితురాలు చెయ్యి పట్టి లాగింది. వద్దన్నాను. ఒకసారి చినిగాక మళ్ళీ తీసి ఎవరిని మభ్యపెట్టాలి?

తిరుగు బస్సులో ఉండగానే అమ్మ ఫోన్ చేసింది.

"వచ్చిందా పాపా?"

ఆ గొంతులో ఆశ విన్నాక నిజం నా నోట ఎలా వస్తుంది? "వచ్చిందిమా. మొత్తం వచ్చింది."

అవతల అమ్మ ఏడుస్తూ నవ్వింది. "ఇదో, విన్నావా, వచ్చిందంట!" అని నాయనకు చెప్పడం నాకు వినబడింది. కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. బస్సు అక్కడే ఆగిపోతే బాగుండు, ధర్మవరం రాకుంటే బాగుండు అనుకున్నాను.

వచ్చింది. నేను వార్డులో అడుగు పెట్టగానే అమ్మ నా చేతిలోంచి తువ్వాలు లాక్కుని కళ్ళకద్దుకుంది. విప్పి చూడను కూడా చూడలేదు. అలాగే తీసుకుపోయి నాయన కుడి చేతి మీద కప్పింది. ఆ చెయ్యి మంచం మీద కట్టెలా పడి ఉంది. "ఇంక కదులుతాది, చూస్తా ఉండు" అంటూ సీసాలో నీళ్ళు వంచడానికి అటు తిరిగింది.

నాయన ఎడమ చెయ్యి తువ్వాలు మీదికి వచ్చింది. బట్ట చేతికి తగిలితే అంచు వెంబడి తడమడం ఆయనకు అలవాటు. తడుముతూ పోయి చీలిన చోట ఆగింది. ఆయన కళ్ళెత్తి నన్ను చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. చెప్పొద్దు నాయనా అని కళ్ళతోనే బతిమాలుకున్నాను.

ఆయన చీలిన కొసను నెమ్మదిగా లోపలికి మడిచాడు. ఎడమ చేతిని తువ్వాలు కిందికి పోనిచ్చి, ఆ మడతను పడిపోయిన చేతి కిందికి తోశాడు. అప్పుడే అమ్మ ఇటు తిరిగింది. తువ్వాలు కదలడం చూసింది.

"కదిలింది! పాపా, కదిలింది, చూసినావా!"

నాయన నా వైపు చూడలేదు. అమ్మ వైపు తిరిగి, అవునని తల ఊపాడు.