హాల్‌టికెట్టు శతకానికి ఒప్పుకున్నవాళ్ళు

తార్నాకలో నేను పార్ట్‌టైమ్ పనిచేసిన నెట్ సెంటర్లో నాలుగు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, పదహారు షరతులు ఉండేవి. షరతులన్నీ ఓనరు గారివి. ఆయన యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ముప్పయ్యేళ్ళు పిల్లల చేత హామీపత్రాలు రాయించుకుని రాయించుకుని, సంతకం లేనిదే ఎదుటివాడు తుమ్మినా నమ్మేవారు కాదు.

నేను అప్పుడు క్యాంపస్‌లో ఎంసీఏ చదువుతున్నాను. షరతులు తెర మీదే రావాలి అమ్మాయ్, ఒప్పుకున్నాకే నెట్టు తెరుచుకోవాలి అని సార్ పట్టుబట్టారు. ఏం చేస్తాను, చిన్న ప్రోగ్రామ్ రాశాను. పేరు కొట్టాలి, షరతులు చదవాలి, కింద 'ఒప్పుకుంటున్నాను' అనే బటన్ నొక్కాలి. పక్కనే ముచ్చటపడి 'ఒప్పుకోను' అని ఇంకోటి పెట్టాను. అది నొక్కితే 'దయచేసి కుర్చీ ఖాళీ చేయగలరు' అని వచ్చేది. ఆ వాక్యం నా సొంతం.

కీబోర్డు మీద మిర్చి బజ్జీ తినరాదు, మౌస్ పనిచేయకపోతే బల్లకేసి కొట్టరాదు, ఇలాంటివి చాలా ఉండేవి. తొమ్మిదోది మాత్రం దుర్మార్గం. కస్టమరు వెనక నిలబడి తెర చూసే హక్కు ఓనరుకు కలదు. ఊరికే చూస్తే బాగుండును, ఆయన మెయిళ్ళు పైకి చదివి ఇంగ్లీషు తప్పులు దిద్దేవారు. ఒక కుర్రాడి ప్రేమలేఖ మొత్తం దిద్ది పంపించారు. ఆ పిల్ల జవాబిచ్చింది కూడా!

ఒక శనివారం పదిహేడోది పెట్టమన్నారు. ఒప్పుకున్నవారు వచ్చే వారం ఆదివారం ఉదయం పదింటికి వచ్చి, ఓనరు రచించిన హాల్‌టికెట్టు శతకమును పూర్తిగా వినవలెను.

శతకం నిజంగానే ఉంది. నూట ఎనిమిది పద్యాలు, ప్రతిదాని చివరా 'హాలుటికెట్టు తల్లి!' అని మకుటం. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ లంచ్ టైములో రాసుకున్నారట. ఎనిమిదో పద్యం దాటి ఈ లోకంలో ఎవరూ వినలేదు. ఆ నోట్‌బుక్ బయటికి తీస్తే చాలు, వాళ్ళావిడ భజనకి బయల్దేరేవారు. తను పోయేలోపు ఒక్కసారైనా నలుగురికి వినిపించాలని ఆయన కోరిక. షరతులు ఎవరూ చదవరు సార్, చూడకుండా నొక్కేస్తారు అని చెప్పాను.

ఆయన నిజంగానే తెల్లబోయారు. "చదవకుండా ఎలా ఒప్పుకుంటారమ్మాయ్?"

వారంలో ఒప్పుకున్నవాళ్ళ లిస్టు రెండు పేజీలకు పాకింది. మొదటి పేరు నాదే, ప్రోగ్రామ్ పనిచేస్తోందో లేదో చూడ్డానికి నొక్కాను. నొక్కనివాడు ఒక్కడే. అడిక్‌మెట్‌లో గది తీసుకుని లా చదువుతున్న అబ్బాయి. తెరకి ముక్కు ఆనించి పదిహేడూ చదివి, సార్‌ని పిలిచాడు.

"నా మెయిల్ మీరు చదువుడేంది సార్?"

ఒప్పుకోకపోతే నెట్టు రాదని సార్ ఖరాఖండిగా చెప్పారు. రాకుంటే రాకపాయె అని వాడు 'ఒప్పుకోను' నొక్కి, నా వాక్యం శ్రద్ధగా చదివి, కుర్చీ ఖాళీ చేసి, విద్యానగర్‌లో ఇంకో సెంటరుకి నడిచి వెళ్ళిపోయాడు. సార్ పొగరన్నారు. నా బటన్ పనికొచ్చినందుకు నేను మాత్రం లోలోపల మురిసిపోయాను.

ఆ ఆదివారం టెంట్‌హౌస్ నుంచి కుర్చీలొచ్చాయి. గుండిగెడు ఉప్మా వచ్చింది. సార్ ఇస్త్రీ లాల్చీలో వచ్చారు. పదయింది, పదిన్నరయింది, ఒక్క పురుగు రాలేదు. ఆయన లిస్టు తీసి, పరీక్ష హాల్లో హాజరు పిలిచినట్టు ఒక్కొక్క పేరూ చదివి వాకిలి వైపు చూస్తున్నారు. "వీళ్ళంతా ఒప్పుకున్నారే" అన్నారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. నేను కూడా ఎనిమిదో పద్యానికి జారుకుందామనే వచ్చాను మరి.

పదకొండింటికి ఆ లా అబ్బాయి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నువ్వు ఒప్పుకోలేదుగా అన్నారు సార్.

"నేను ఒప్పుకోంది తొమ్మిదోది సార్. పదిహేడోది మంచిగనే ఉన్నది గద."

సార్ గొంతు సవరించుకుని ఎత్తుకున్నారు. శ్రుతి ఎటు పోయిందో, రాగం ఎటు పోయిందో ఆ తల్లికే తెలియాలి. ఎనిమిది దాటింది. ఇరవై దాటింది. అబ్బాయి కదల్లేదు. రీవాల్యుయేషన్ గురించిన ముప్పయ్యో పద్యం అయ్యాక సార్ ఆగి, కళ్ళజోడు తీశారు.

"ఇంకా వింటావా బాబూ? నిజం చెప్పు. బలవంతమేం లేదు."

ఆయన ఒకరిని అలా అడగడం నేను వినడం అదే మొదలు. అబద్ధం చెప్పరా నాయనా అని మనసులో వాడికి దణ్ణం పెట్టుకున్నాను.

"ఇయ్యాల్టికి చాలు సార్" అన్నాడు వాడు. "వారానికి పది పద్యాలంటె మల్ల వస్త."

సార్ ముఖం మాడిపోతుందనుకున్నాను. ఆయన నోట్‌బుక్ చివరి పేజీ తిప్పి, వారానికి పదికి మించి చదవనని స్వహస్తంతో హామీపత్రం రాశారు. రాసింది రెండుసార్లు చదువుకుని, కింద సంతకం పెట్టి, వాడి చేతికిచ్చారు.