పెనుమూడి ఒడ్డున గుడారం, పెద్దమ్మ సరే

డిగ్రీ పరీక్షలు అయిపోగానే ముగ్గురు స్నేహితురాళ్లం ఒక రాత్రి నీళ్ల పక్కన గుడారం వేసుకోవాలని, తెల్లారాక పడవలో తిరగాలని అనుకున్నాం. వాళ్లిద్దరి ఇళ్లలో ఒప్పుకున్నారు. మా నాన్న మాత్రం, ముందు పెద్దమ్మకు చోటు చూపించు, ఆవిడ సరేనంటే వెళ్లు, వద్దంటే ఆ మాట మళ్లీ ఎత్తకు అన్నారు. పెద్దమ్మ బాపట్లలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఊరికే సరే అనే మనిషి కాదు.

పొద్దున్నే తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. పెద్దమ్మ కర్లపాలెం మీదుగా బస్సులో వచ్చి రేపల్లె బస్టాండులో కలిసింది. ఇడ్లీ తిని పెనుమూడికి ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ కలిపి ముందే బేరం చేసుకోవడం నయం. వంతెన దాటకుండా కిందికి దిగితే కృష్ణ ఒడ్డు, నున్నటి ఇసుక.

ఎలా ఉంటుందో పెద్దమ్మకు చూపించడానికి నీళ్లకు దగ్గరలో చదునైన చోట గుడారం బిగించాను. తెనాలిలో పెరిగినదాన్ని, నీళ్లంటే నాకు కాలవే. పైన లాకులు ఎత్తితే పెరుగుతాయి, లేకపోతే ఉన్నచోటే ఉంటాయి. బ్యారేజీ నుంచి నీళ్లు వదలడం లేదని ముందురోజే కనుక్కున్నాను, ఇంకేం కావాలి అనుకున్నాను. సంచులు గుడారంలో పెట్టి, లైఫ్ జాకెట్లు తొడుక్కుని పడవెక్కాం. మొదట బల్లను గట్టిగా పట్టుకుని కూర్చున్న పెద్దమ్మ, నది నడుమకు వచ్చేసరికి చెయ్యి నీళ్లలో పెట్టింది. సగం పని అయిపోయిందనుకున్నాను.

తిరిగొస్తుంటే ఆవిడే ముందు చూసింది.

"ఏమే, మన గుడారం నీళ్లలో ఉందేంటి?"

"పోటండి," అన్నాడు పడవ నడిపే ఆయన. "సముద్రం దగ్గరేగా. పౌర్ణమికైతే ఇంకా పైకి వచ్చుద్ది."

వెన్నెల బాగుంటుందని మేం పెట్టుకున్నది పౌర్ణమికే. ఆ సంగతి ఆటోలో పెద్దమ్మకు గొప్పగా చెప్పాను కూడా. పడవాయన కూడా ఒక చెయ్యి వేస్తే గుడారాన్ని గట్టు మీదికి మోసుకొచ్చాం. సంచులు తడిశాయి, పులిహోర డబ్బా మాత్రం బతికింది.

తింటున్నంతసేపూ పెద్దమ్మ నీళ్లవైపే చూస్తూ ఉంది. నాన్నకు ఏం చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. నీళ్లు మేం గుడారం వేసిన చోటును పూర్తిగా కప్పేసి, కాసేపు నిలబడి, వెనక్కి తగ్గాయి. పెద్దమ్మ కిందికి దిగి తడి ఎక్కడిదాకా వచ్చిందో చూసి, మళ్లీ గట్టెక్కింది.

"ఇన్నేళ్లు సముద్రం పక్కన ఉండి నాకూ తట్టలేదే," అంది.

"అయితే వద్దంటావా పెద్దమ్మా?"

"పౌర్ణమి వద్దంటా. గుడారం ఈ గట్టు మీద వేసుకోండి. మీ నాన్నకు నేను చెబుతాలే."

తడి గుడారం ఒళ్లో పెట్టుకుని రైల్లో తిరిగొస్తుంటే, ఒప్పుకుందన్న సంతోషం కంటే నీళ్లు పగలే వచ్చాయన్న ఊరటే ఎక్కువగా ఉంది. రాత్రయితే ముగ్గురం అక్కడే ఆదమరిచి పడుకుని ఉండేవాళ్లం. మీరు వెళ్తే, రాత్రి పోటు ఎక్కడిదాకా వస్తుందో ఒడ్డున పడవలవాళ్లను అడిగి, దానికి బాగా పైన గుడారం వేసుకోండి. మేం పోటు తక్కువగా ఉండే అష్టమికి వెళ్తున్నాం. వెన్నెల సగమే, నిద్ర మాత్రం నిండుగా పడుతుంది.